స్టెరాయిడ్ల చాటున పేగు పురుగు ముప్పు

చోడవరం: చెరకు తోటల్లోకి, వరి మడుల్లోకి చెప్పులు లేకుండా దిగడం ఈ ప్రాంత రైతులకు, కూలీలకు అలవాటే. 2022లో విశాఖ నుంచి అనకాపల్లి జిల్లాకు మారిన చోడవరం పల్లెల్లో ఆ అలవాటు మారలేదు. మలంతో కలుషితమైన తడిమట్టిలో స్ట్రాంగైలాయిడ్స్‌ అనే పురుగు పిల్లలు ఉంటాయి. కంటికి ఆనని ఈ పిల్లలు పాదాల చర్మాన్ని తొలుచుకొని లోపలికి ప్రవేశిస్తాయి. రక్తం ద్వారా ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి గొంతుకు, చివరకు చిన్న పేగుకు చేరుతాయి.

తక్కిన నులిపురుగులు కొన్నేళ్లకు చనిపోతాయి. దీని తీరు వేరు. పేగులో పొదిగిన పిల్లల్లో కొన్ని బయటకు పోక, పేగు గోడను తొలిచి తిరిగి అదే మనిషి శరీరంలో చేరుతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బర్మా రైలుమార్గం పనుల్లో మగ్గిన బ్రిటిష్‌ యుద్ధ ఖైదీలు కొందరిలో 30 ఏళ్లు దాటిన తరువాత కూడా ఈ పురుగు బయటపడింది.

రోగనిరోధక శక్తి బాగున్నంతకాలం దురద, కడుపునొప్పి మినహా పెద్ద బాధ ఉండదు. కొందరికి అదీ తెలియదు. ఉబ్బసానికో, కీళ్లవాతానికో, మూత్రపిండ మార్పిడి అనంతరమో స్టెరాయిడ్లు వాడినప్పుడు పురుగులు విపరీతంగా పెరిగి ఊపిరితిత్తులు, కాలేయం, మెదడుపై దాడి చేస్తాయి. పేగుల్లోని బ్యాక్టీరియాను వెంట మోసుకెళ్లి రక్తాన్ని విషపూరితం చేస్తాయి. చికిత్స ఆలస్యమైతే బతికేవారు తక్కువ. 2020లో కొవిడ్‌ రోగులకు డెక్సామెథసోన్‌ వాడకం పెరిగినప్పుడు వైద్య నిపుణులు ఈ ప్రమాదాన్నే గుర్తుచేశారు.

మోకాళ్ల నొప్పులకు పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్‌ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం రోగి హక్కు. అడిగేవారే అరుదు.

హెచ్‌ఐవీ బాధితుల మెదడును దెబ్బతీసే పరాన్నజీవి మరొకటి, టాక్సోప్లాస్మా. సీడీ4 కణాలు 100 కంటే తగ్గినవారికి దాని ముప్పు ఎక్కువ. ఏఆర్‌టీ కేంద్రాల్లో ఇచ్చే కోట్రైమాక్సజోల్‌ మాత్రలు దానిని చాలావరకు అడ్డుకుంటాయి.

స్ట్రాంగైలాయిడ్స్‌ ఒక్క మలపరీక్షలో దొరక్కపోవచ్చు. పలుమార్లు పరీక్షించాలి, లేదా యాంటీబాడీల రక్తపరీక్ష చేయించాలి. బడుల్లో పిల్లలకు ఇచ్చే ఒక్క అల్బెండజోల్‌ మాత్ర దీనికి చాలదు. ఐవర్‌మెక్టిన్‌ మెరుగైన మందు. అయితే శరీర బరువును బట్టి వైద్యుడే మోతాదు నిర్ణయించాలి. ఇప్పటికే స్టెరాయిడ్లు వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా మానేయడం కూడా ప్రాణాంతకం కావచ్చు. తాము పొలం పనులు చేసేవారమని ముందుగా వైద్యునికి చెబితే ఏ పరీక్షలు అవసరమో ఆయనే సూచిస్తారు.