ఆపదలోనున్న పడవలు – లాగుడు ఒడంబడికలు

ఉయ్యాలవాడ పంచాయతీ సభ్యులకు పడవల ఒడంబడికలతో పని యేమని కొందరు అడుగవచ్చును. సముద్రము మనకు దూరము. అయినను నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములకు నీరిచ్చు కర్నూలు–కడప కాలువను 19వ శతాబ్దమున సుంకేసుల నుండి త్రవ్వినపుడు, సేద్యముతోబాటు పడవల రాకపోకలు కూడ దాని ఉద్దేశ్యమై యుండెను. ఆ పడవలు నేడు లేవు. కాని మనవారు పాపికొండల యాత్రకు పోయి గోదావరిపై పడవ లెక్కుచున్నారు. ఇచ్చట కుందూనది పొంగినపుడు రేగడిలో దిగబడిన ట్రాక్టరును మరియొక ట్రాక్టరుతో లాగించుచున్నారు. లాగినవానికి ఏమి ఇవ్వవలెను? గొలుసు తెగి నష్టము కలిగినచో ఎవరు భరింపవలెను? నావికులు ఈ ప్రశ్నలకు ఏనాడో సమాధానములు ఏర్పరచుకొనిరి.

ప్రమాదము లేనపుడు ఒక పడవ మరియొక పడవను లాగుకొనిపోవుట కేవలము బాడుగ పని. ముందు కుదిరిన సొమ్ము చెల్లును. మునుగుచున్న పడవను, సరకును కాపాడుట వేరు. లండనులోని లాయిడ్సు సంస్థ 1908 నుండి వాడుకలోనికి తెచ్చిన పత్రమునందు 'ఫలితము లేనిదే ప్రతిఫలము లేదు' అనునది మూలసూత్రము. సొమ్ము ఎంత యనునది ఆపద గడచిన పిదప మధ్యవర్తులు తేల్చుదురు. దక్కిన వస్తువు విలువ, ఎదుర్కొన్న ప్రమాదము, చూపిన నేర్పు వారికి కొలతలు. ఇందుచేత నడినీట బేరమునకు తావుండదు. 1978 మార్చిలో ఫ్రాన్సు తీరమున చుక్కాని చెడిన 'అమోకో కాడిజ్' అను నూనె ఓడ కెప్టెను, చికాగోలోని యజమానుల అనుమతికై ఈ పత్రమును వెంటనే అంగీకరింపలేదు. గంటలు గడచెను. ఓడ రాళ్ళపై పడి 2 లక్షల టన్నులకు పైగా ముడి నూనె కడలిపాలయ్యెను. బేరమొక్కటే కారణమని మేము అనము. లాగు త్రాళ్ళును తెగినవి.

ప్రాణముల విషయమున ఈ లెక్క యేదియు లేదు. ఓడల రక్షణపై 1989లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారము, ప్రాణము దక్కినవాడు అందుకై సొమ్ము చెల్లింప నక్కరలేదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలము కచ్చులూరు వద్ద 'రాయల్ వశిష్ఠ' పడవ మునిగినపుడు, తీరమునందలి గిరిజనులు తమ చిన్న పడవలపై పోయి మునుగుచున్నవారిని ఒడ్డు చేర్చిరి. 26 మంది బ్రతికిరి.

పడవను తీయుట మాత్రము ఒప్పందముపై జరిగెను. ప్రభుత్వము 22.70 లక్షల రూపాయలకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందమునకు ఆ పని అప్పగించెను. ఇనుప త్రాళ్ళు, లంగరులతో వెదకి, వరద ఉద్ధృతికి నడుమ ఆగి, అక్టోబరు 22న పడవను పైకి లాగిరి. లోపల మృతదేహములు దొరికినవి. ఆ కుటుంబములకు అది ఇనుము కొరకైన ఒప్పందము కాదు.

మన గ్రామమునకు వత్తము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 70వ సెక్షను ప్రకారము, ఉచితముగా చేయు తలంపు లేక ఒకడు న్యాయముగా చేసిన పనివలన మేలు పొందినవాడు తగిన పరిహారము చెల్లింపవలెను. ఇరుకునబడినవానిని లోబరచుకొని వ్రాయించుకొన్న అధిక మొత్తము న్యాయస్థానమున నిలుచుట కష్టము. కనుక వానలకు ముందే పంచాయతీవారు ట్రాక్టరు యజమానులను కూర్చుండబెట్టి గంటకు బాడుగ నిర్ణయింపవచ్చును. గొలుసు ఎవరిది, అది తెగినచో నష్టము ఎవరిది, సగములో పని ఆగినచో ఎంత ఇవ్వవలెను అనునవి పుస్తకములో వ్రాసి ఇరువురి సంతకములు తీసికొనవలెను. లాగునపుడు ట్రాలీలోగాని గొలుసు ప్రక్కనగాని మనుష్యులు ఉండరాదని కూడ అందులోనే వ్రాయించుడు.