పాత ఆటకు క్రొత్త ప్రతి

మనుమలు కంప్యూటరుపై ఆడు ఆటలను చూచి విసుగుకొనువారిలో నేనును ఒకడను. కాని వానిలో నొకదాని చరిత్రము విన్నది మొదలు నా విసుగు కొంత తగ్గినది.

1989లో అమెరికాలో జార్డన్ మెక్నర్ అను యువకుడు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’, అనగా పారశీక రాజకుమారుడు, అను ఆటను ఆపిల్ 2 అను కంప్యూటరుకై వెలువరించెను. పని యంతయు దాదాపు ఒంటిచేతి మీదనే సాగినది. తమ్ముని పరుగెత్తించి, దుమికించి, ఆ చలనములను వీడియో పట్టి బొమ్మలుగా మార్చెను. సంగీతము తండ్రి కూర్చెను. నాయకుడు చెరనుండి వెలువడి 60 నిమిషములలో రాకుమారిని విడిపింపవలెను. ఏ పలకను త్రొక్కిన ఏ తలుపు తెరచుకొనునో ఊహింపవలెను. ఒకచోట అతడు అద్దములోనికి దుముకగా, అందుండి అతని నీడ వెలువడి పగవాడై పోవును. తుదకు ఆ నీడను కత్తితో కొట్టినచో దెబ్బ తనకే తగులును. కత్తిని ఒరలో నుంచి ఎదురేగినచో నీడ తనలో లీనమగును. ఇంతకును ఆ నీడ పుట్టుక విచిత్రము. క్రొత్త శత్రువు బొమ్మలకు యంత్రములో చోటు చాలక, నాయకుని బొమ్మలనే మార్చి వాడుకొనిరట!

ఆ దినములలో బహుళ ప్రచారము గల కమొడోర్ 64 అను యంత్రమునకు ఈ యాట రానేలేదు. ఒక అభిమాని రెండున్నర యేండ్లు శ్రమించి 2011లో ఆ లోటు తీర్చెను. రచయిత వ్రాసుకొన్న ఆజ్ఞల మాతృక అతనికి అందుబాటులో లేదు. వండిన పులుసును రుచిచూచి దినుసులు కనిపెట్టినట్లు, పూర్తియైన ఆటను విప్పి చూచి తిరిగి కట్టెను. ఇరు యంత్రముల మెదళ్లు ఒకే జాతివగుట కొంత కలిసివచ్చినది. ఐబీఎం తరగతి యంత్రములకు వచ్చిన ప్రతిని మఱికొందరు ఇట్లే విప్పి నేటి కంప్యూటర్లపై నడుపుచున్నారు.

ఒకరి కృతిని మఱియొకరు తిరిగి కట్టుట న్యాయమా యని మీరడుగవచ్చును. హక్కు హక్కుదారునిదే, అట్టి ప్రతిని అమ్ముకొనుట దోషమనియే నా తలంపు. అయినను ఒక్క సంగతి చిత్తగింపుడు. ఆ మాతృక ఏండ్ల తరబడి మెక్నరు చేతికే దొరకలేదు. 2012లో తండ్రి యింటి అల్మరలో, పాత డిస్కులలో బయటపడినది. అవి అయస్కాంతపు పూత గల పలుచని బిళ్లలు. కాలము గడచినకొలది వానిపై వ్రాత చెరిగిపోవును. మన తాటియాకులకు చెదలు, వానికి ఇది. నిపుణులు పాత యంత్రములను కూర్చి, అదృష్టవశమున చదువగలిగిరి. మెక్నరు దానిని ఆ యేడే లోకమునకు వెల్లడించెను. ఆ బిళ్లలే చెడిపోయి యుండినచో, ఆ యాట లోపలి పనితనమును తెలుపుటకు అభిమానులు విప్పి వ్రాసికొన్న ప్రతులే మిగిలెడివి.