అండమాన్‌లో ఇంటి సినిమా: డీవీడీయా, బ్లూరేయా?

చెన్నై రేవులో ఓడ ఎక్కుతున్న ఒక ప్రయాణికుడి సంచిలో 100 బ్లూరే డిస్కులు ఉన్నాయనుకోండి. ఒక్కో డిస్కులో 25 గిగాబైట్ల సమాచారం. ఓడ సుమారు 60 గంటల్లో అండమాన్ చేరుతుంది. లెక్క వేసి చూడండి: ఆ సంచి సెకనుకు 90 మెగాబిట్లకు పైగా సమాచారాన్ని సముద్రం దాటిస్తోంది! చెన్నైని ఈ దీవులతో కలిపే దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైంది. అంతవరకూ ఇంటర్నెట్‌కు ఉపగ్రహాలే ఆధారం. ఆ రోజుల్లో కొత్త తెలుగు సినిమా పోర్ట్‌బ్లెయిర్‌లోని (2024 నుంచి శ్రీ విజయపురం) ఒక తెలుగు ఇంటికి డిస్కు రూపంలో ఓడ మీద రావడమే సుళువు.

ఇప్పుడు కేబుల్ వచ్చింది. కాని కూడబెట్టిన డిస్కులు ఎక్కడికి పోతాయి? పాత ప్లేయర్ పాడైతే దాని స్థానంలో డీవీడీ ప్లేయర్ కొనాలా, బ్లూరే ప్లేయర్ కొనాలా? దుకాణదారుని అడిగేముందు ఈ రెంటిలోనూ జరిగే పని ఏమిటో తెలుసుకుందాం.

రెండు డిస్కులూ చూడటానికి ఒకటే. వ్యాసం 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. లోపల సర్పిలాకారపు దారిలో కంటికి కనిపించని గుంటలు ఉంటాయి. లేజర్ కిరణం వాటిపై పడి వెనక్కి వచ్చే తీరును బట్టి ప్లేయర్ సమాచారాన్ని చదువుతుంది. ఎంత సన్నని గుంటను చదవగలమన్నది కటకం కేంద్రీకరించే కాంతి చుక్క సైజుపై ఆధారపడుతుంది. తరంగదైర్ఘ్యాన్ని కటకపు న్యూమరికల్ అపర్చర్‌తో భాగిస్తే ఆ సైజుకు ఒక కొలత దొరుకుతుంది. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, అపర్చర్ 0.6. భాగిస్తే 1,083. బ్లూరేకి 405 నానోమీటర్ల నీలి ఊదా లేజర్, అపర్చర్ 0.85. భాగిస్తే 476. అంటే చుక్క వ్యాసం 2.27 రెట్లు తగ్గింది, వైశాల్యం దాని వర్గం చొప్పున 5 రెట్లకు పైగా తగ్గింది. డీవీడీ ఒక పొరలో పట్టే 4.7 గిగాబైట్లను 5.17తో గుణించండి. 24.3 వస్తుంది. బ్లూరే ఒక పొర సామర్థ్యం 25 గిగాబైట్లు. ఎక్కడా మంత్రం లేదు, అంతా కాంతిశాస్త్రమే!

ఎర్ర చుక్క బ్లూరే గుంటల మీద పడితే పక్క వరుసలను కూడా కప్పేస్తుంది. కనుక డీవీడీ ప్లేయర్ బ్లూరే డిస్కును చదవలేదు. బ్లూరే ప్లేయర్లో మాత్రం నీలి లేజర్‌తో పాటు ఎర్ర లేజర్ కూడా ఉంటుంది, కాబట్టి అది డీవీడీని చదువుతుంది. ఇక్కడొక మెలిక. మన ఇళ్ళలో వీసీడీలు కూడా ఉంటాయి. చాలా బ్లూరే ప్లేయర్లు వాటిని ఆడించవు. కొనేముందు మీ వీసీడీ ఒకటి వెంట తీసుకెళ్ళి వేసి చూడండి. ఇది మొహమాటపడే సంగతి కాదు.

మరి బ్లూరే బొమ్మ నిజంగా మెరుగేనా? డీవీడీ చిత్రంలో అడ్డంగా 720 బిందువులు, బ్లూరేలో 1,920. 32 అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు. డీవీడీ బిందువు దానిపై దాదాపు 1 మిల్లీమీటరు వెడల్పు ఆక్రమిస్తుంది. ఆరోగ్యవంతమైన కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణాన్ని విడిగా గుర్తించగలదు. ఆ లెక్కన 3.4 మీటర్ల కన్నా దూరంగా కూర్చుంటే డీవీడీ బిందువులే విడిగా కనబడవు. అంత దూరం నుంచి చూసేవారికి బ్లూరే వల్ల ఒరిగేది స్వల్పం. పెద్ద తెర ఉండి, రెండు మీటర్లలో కూర్చునేవారికి మాత్రం తేడా స్పష్టం. నా మటుకు, చిన్న టీవీ, నిండా డీవీడీలు, వీసీడీలు ఉన్న ఇంటికి మంచి డీవీడీ ప్లేయరే చాలంటాను.

దీవులవారికి మరో చిక్కుంది. గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రం నుంచి సుమత్రా 200 కిలోమీటర్లు కూడా లేదు. కాని సినిమా కంపెనీలు గీసిన ప్రాంత విభజన ఆ సముద్రం మీదుగానే పోతుంది! డీవీడీకి భారత్ 5వ ప్రాంతం, ఇండోనేషియా, థాయ్‌లాండ్ 3వ ప్రాంతం. బ్లూరేకి మనది సి, వాళ్ళది ఎ. అమెరికా నుంచి బంధువులు తెచ్చే డీవీడీ 1వ ప్రాంతానిది, బ్లూరే ఎ ప్రాంతానిది కావచ్చు. అట్ట వెనుక గ్లోబు బొమ్మలో అంకె, లేదా అక్షరం చూడండి. అన్ని ప్రాంతాలకూ పనికొచ్చే డిస్కులూ ఉన్నాయి. 4కె బ్లూరే డిస్కులకు ఈ బెడద లేదు.

ఇక వాతావరణం. డీవీడీలో సమాచారపు పొర ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. దుమ్ము, వేలిముద్రలు కాంతి కేంద్రానికి దూరంగా ఉండి అంతగా అడ్డురావు. బ్లూరేలో ఆ లోతు 0.1 మిల్లీమీటరే. అందుకే దానికి గట్టి పూత పూస్తారు. తేమ లోపలికి చేరితే అల్యూమినియం పొర ఆక్సీకరణం చెందుతుంది. 2001లో మధ్య అమెరికాలోని బెలీజ్‌లో సీడీని తినే బూజు బయటపడింది. అక్కడిదీ ఉష్ణమండలపు తేమ గాలే. డిస్కులను పెట్టెలో నిలువుగా, సిలికా జెల్ పొట్లంతో ఉంచండి.

అన్నిటికన్నా తొందరపడవలసింది పెళ్ళి వీడియోల విషయంలో. అవి ఎక్కువగా ఇంట్లోనో, స్టూడియోలోనో రాసిన డీవీడీలు. వాటిలో అచ్చు గుంటలు ఉండవు. లేజర్ వేడికి మారిన రంగు పదార్థం ఉంటుంది. వేడి, వెలుతురు, తేమ ఆ రంగును చెరుపుతాయి. సినిమా మళ్ళీ దొరుకుతుంది, అమ్మానాన్నల పెళ్ళి దొరకదు. ప్లేయర్ ఏది కొన్నా ముందు ఈ డిస్కులు చదువుతుందో లేదో పరీక్షించి, కంప్యూటర్లోని డీవీడీ డ్రైవ్ ద్వారా వాటికి రెండు నకళ్ళు తీయించండి. ఒకటి ద్వీపంలో, ఇంకొకటి ప్రధాన భూభాగంలోని బంధువుల ఇంట్లో ఉంచండి.

ప్లేయర్ను ఏసీ గది నుంచి బయటి ఉక్కగాలిలోకి తెస్తే కటకం మీద నీటి ఆవిరి పేరుకుంటుంది. ఒకటి రెండు గంటలు ఆగి, ఆ తరువాతే డిస్కు వేయండి.