ఇరవై అయిదవ వంతు కారు

పిల్లలు ఆడుకొనే బొమ్మకారు వేరు, నమూనా కారు వేరు. బొమ్మకు నాలుగు చక్రాలుండి దొర్లితే చాలును. అది ఏ కారు అని ఎవరూ అడుగరు. నమూనా అట్లు కాదు. అది ఏ సంవత్సరంలో తయారైన ఏ బండికి ప్రతిరూపమో చెప్పగలగాలి. దాని ప్రతి అంగమూ అసలు బండిలోని అంగంతో ఒకే నిష్పత్తిలో ఉండాలి. ఇక ఒకప్పుడు తన సొంతమై, తరువాత చేజారిపోయిన బండికే నమూనా చేయదలచినవానికి పని మరింత కఠినం. అతడు తిరిగి కట్టవలసినది ఒక తరహా కారును కాదు. లోకంలో ఒకే ఒక్క కారును.

మా మేనమామగారు ఎనభై రెండవ ఏట అట్టి పనికి పూనుకొన్నారు. చేతివేళ్ళు కొంచెం వణకుతున్నందున సన్నని పనులకు నన్ను సహాయకునిగా నియమించుకొన్నారు. ఆరు నెలల ఆదివారాలు వారి బల్లముందు కూర్చుండి నేను తెలిసికొన్న సంగతులు శ్రోతలకు మనవి చేస్తాను.

ముందు ఆ బండి సంగతి. 1960 తరువాత అమెరికాలో ప్రబలిన ఒక జాతి కార్లకు ‘మజిల్ కార్లు’ అని పేరు. మన భాషలో కండగల కార్లు అనవచ్చును. వాటి సూత్రం సులభమైనదే: సాధారణ కుటుంబాలు కొనే మధ్యరకపు రెండు తలుపుల బండిని తీసికొని, పెద్ద బండికి పెట్టవలసిన ఎనిమిది సిలిండర్ల ఇంజనును అందులో అమర్చడం. ఈ ఒరవడి 1964లో పాంటియాక్ జి.టి.ఓ.తో మొదలైనదని సాధారణంగా చెబుతారు. మధ్యరకపు కార్లలో 330 ఘనపుటంగుళాలను మించిన ఇంజను ఉండరాదని జనరల్ మోటార్స్ సంస్థలో అప్పుడొక నియమం ఉండేది. దాని శాఖయైన పాంటియాక్‌లోని ఇంజనీర్లు 389 ఘనపుటంగుళాల ఇంజనును, కోరినవారికి మాత్రమే ఇచ్చే అదనపు సరంజామాగా జాబితాలో చేర్చి, ఆ నియమాన్ని దాటినారు. బండ్లు విరివిగా అమ్ముడుపోగా తక్కిన కంపెనీలు కూడా అదే దారి పట్టినవి.

మామయ్య 1968లో పై చదువుకు డెట్రాయిట్ నగరం వెళ్ళి, అక్కడే ఉద్యోగంలో చేరినారు. 1971లో, ఒక సంవత్సరం వాడిన బండిని కొన్నారు. అది 1970 నమూనా ప్లిమత్ డస్టర్ 340. పొదుపునకు పేరుపడిన ‘వాలియంట్’ అనే చిన్న కారు మీదనే కట్టిన బండి. కాని లోపల 340 ఘనపుటంగుళాల ఇంజను, 275 అశ్వశక్తి. కొత్త బండి మూల ధర 2,547 డాలర్లు. కండగల కార్లలో అది సామాన్యుని కారు.

ఇక కొలతల సంగతి. అమెరికాలో కారు నమూనాలకు ఎక్కువగా వాడుకలో ఉన్న నిష్పత్తి 25కు 1. డస్టర్ ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ దూరం 108 అంగుళాలు. నమూనాలో అది 4 అంగుళాలకు పైన మూడవ వంతు. ఇక్కడ ఒక లెక్క గమనించదగినది. పొడవు 25వ వంతు అయినప్పుడు ఉపరితలం 625వ వంతు అవుతుంది. ఘనపరిమాణం 15,625వ వంతు అవుతుంది. అసలు బండి బరువు సుమారు 3,000 పౌన్లు. అన్ని లోహాలనూ ఉన్నవి ఉన్నట్లే ఉంచి కుదించగలిగితే, అది 87 గ్రాములు మాత్రమే తూగుతుంది. నాలుగు నిమ్మకాయల బరువైనా ఉండదేమో! అందుచేత చిన్నది చేయడమంటే అన్నిటినీ సమంగా తగ్గించడమని అనుకొనరాదు. కొలతలు తగ్గుతవి గాని, రంగు చుక్క తగ్గదు, ధూళికణం తగ్గదు, మన చూపుడువ్రేలు తగ్గదు.

రంగు విషయమే చూడండి. అసలు కారు మీద రంగుపొరల మందం మిల్లీమీటరులో పదవ వంతు ప్రాంతం. అంత మందాన్నే నమూనాకు పూస్తే, అసలు బండికి రెండున్నర మిల్లీమీటర్ల రంగు మెత్తినట్లు అవుతుంది. తలుపు చుట్టూ ఉండవలసిన సన్నని గీత పూడిపోతుంది. కనుక కుంచె పనికిరాదు. రంగును బాగా పలుచన చేసి, సన్నని తుంపరగా చిమ్మి, ఆరనిచ్చి, మళ్ళీ చిమ్మవలెను. పది పలుచని పూతలు ఒక చిక్కని పూతకన్న మేలు.

నమూనాకు కావలసిన భాగాలు పెట్టెలో అచ్చుపోసి అమ్ముతారు. ఈ వ్యాపారం కూడా డెట్రాయిట్ ప్రాంతంలోనే ఎదిగినది. 1948లో అక్కడ ఏ.ఎం.టి. అనే సంస్థ వెలసినది. కార్లమ్మే దుకాణాలవారు కొనుగోలుదారులకు చూపడానికీ, వారి పిల్లలకు ఇవ్వడానికీ తగిన చిన్న కార్లను ఆ సంస్థ తయారుచేసేది. 1958 నుండి, కొన్నవారే విడిభాగాలను జోడించుకొనే పెట్టెలను అమ్మసాగింది. మామయ్యకు వారి కుమారుడు అమెరికా నుండి తెచ్చిన పెట్టె ఆ సంస్థదే. కాని మూత తీయకముందే మాకు మొదటి చిక్కు ఎదురైనది. పెట్టె మీద ఉన్నది 1971 డస్టర్, మామయ్యది 1970. ఒక్క సంవత్సరమే కదా అనిపించవచ్చును. ముందు గ్రిల్లు వేరు, పక్కల చారలు వేరు. మామయ్య గ్రిల్లును చూసి, “ఇది మా పక్కింటివాడి బండి” అన్నారు. నెలరోజులు సన్నని ప్లాస్టిక్ పుల్లలు కోసి, భూతద్దం కింద ఒక్కొక్కటే అంటించి, కొత్త గ్రిల్లు కట్టినాము.

ఈ పనిలోకి దిగేవారికి కొన్ని సాధారణ సూత్రాలు చెబుతాను. అచ్చునుండి ఊడివచ్చేందుకు భాగాలకు ఒక విధమైన నూనె అంటి ఉంటుంది. సబ్బునీటితో కడుగకపోతే దానిపై రంగు నిలువదు. ప్లాస్టిక్కును అతికించే జిగురు నిజానికి జిగురు కాదు. అంచులను కొద్దిగా కరిగించి, రెండింటినీ ఒకటిగా కలిపే ద్రావకం. అది ఒక చుక్క ఎక్కువైతే భాగం వంగిపోతుంది. అద్దాలకు మాత్రం దానినిగాని, క్షణంలో పట్టే జిగురునుగాని వాడరాదు. వాటివల్ల అద్దం మసకబారుతుంది. బడిపిల్లలు కాగితాలకు వాడే తెల్ల జిగురే అక్కడ క్షేమం, ఆరితే కనపడదు.

పైభాగాన్ని నున్నగా రుద్ది ప్రైమరు పూయబోతుండగా మామయ్య నన్ను ఆపినారు. “ఎడమవైపు వెనుక మడ్గార్డుకు సొట్ట ఉండాలిరా” అన్నారు. 1972 చలికాలంలో మంచుమీద బండి జారి స్తంభానికి తగిలినదట. చేతిలో డబ్బు లేక బాగుచేయించలేదు. చక్రం పైన తుప్పు కూడా ఉండాలన్నారు. డెట్రాయిట్‌లో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ నగరం కిందనే, సుమారు 1,200 అడుగుల లోతున, ఉప్పు గని ఉన్నది. ఆ ఉప్పే కార్ల ఇనుమును తినివేసేది. కార్లు పుట్టిన ఊరి నేలలోనే వాటి శత్రువు కూడా ఉన్నదన్నమాట.

ఇంత శ్రమపడి చేస్తున్న నమూనాకు సొట్ట ఎందుకని నేను వాదించినాను. “సొట్టను లప్పంతో పూడిస్తే అది దుకాణంలో ఉన్న బండి. నాది కాదు” అన్నారు మామయ్య. ప్లాస్టిక్కును లోపలివైపు గోకి పలుచన చేసి, కాచిన చెంచా పిడితో మెల్లగా నొక్కినాము. మూడు పాత ముక్కల మీద సాధన చేసిన తరువాతనే అసలుదాని జోలికి పోయినాము.

తరువాత రంగును గురించి వివాదం. మామయ్య జ్ఞాపకంలో బండి నారింజరంగు. ఆనాటి ప్లిమత్ రంగులలో ‘వైటమిన్ సి’ అనే నారింజరంగు ఉన్నమాట నిజమే. ఇంట్లో మిగిలిన ఒకే ఒక ఫోటోలో మాత్రం బండి ఎర్రగా ఉన్నది. నేను ఫోటోనే నమ్మాలన్నాను. మామయ్య దానిని నా చేతికిచ్చి, “మంచు ఏ రంగులో ఉన్నదో చూడు” అన్నారు. మంచు గులాబీ వన్నెలో ఉన్నది! ఆ కాలపు రంగు ఫోటోలలో నీలిరంగు పొర, చీకటిలో దాచినప్పటికీ, తక్కిన పొరలకన్న ముందే వెలిసిపోయేది. అందువల్ల బొమ్మంతా ఎర్రబారుతుంది. కనుక ఫోటో కూడా నమ్మదగిన సాక్షి కాదు.

తీర్పు చెప్పినది ఒక కాగితం. కర్మాగారంలో ఒక్కొక్క బండికీ ఏ ఇంజను, ఏ సీటు, ఏ రంగు అనే వివరాలను సంకేతాలలో అచ్చువేసి, పనివారికి అందజేసేవారు. దానికి వారు పెట్టిన పేరు ‘బ్రాడ్‌కాస్ట్ షీటు’, అనగా ప్రసారపత్రం. మా వృత్తిలోని మాట అక్కడ వినబడగా నాకు ముచ్చట వేసినది. పని ముగిసిన తరువాత ఆ కాగితం తరచు సీటు స్ప్రింగుల మధ్యనే ఉండిపోయేది. పడిపోయిన తాళంచెవికోసం వెనుక సీటు ఎత్తినప్పుడు మామయ్యకు అది దొరికినదట. పాత పన్నుకాగితాల మధ్య భద్రంగా ఉన్నది. ఒక్కొక్కసారి వేరొక బండి కాగితం కూడా సీటు కింద చేరేది గనుక, ముందుగా దానిమీది సంఖ్యను బీమాపత్రంలోని బండి సంఖ్యతో సరిపోల్చినాము. రెండూ ఒక్కటే. రంగు సంకేతం ‘ఈవీ 2’. అది ‘టార్ రెడ్’, ఎరుపే. మామయ్య ముఖం చిన్నబోయినది. కాని ఆ రంగును ఒక ప్లాస్టిక్ చెంచాకు పూసి ఎండలో పెట్టి చూడగా, అది నారింజవైపు మొగ్గిన ఎరుపు. “నేనూ పూర్తిగా అబద్ధమాడలేదురా” అని నవ్వినారు.

ఇంజనుకు తొమ్మిది తీగలు కావలసివచ్చినవి. అసలు స్పార్కు ప్లగ్గు తీగ లావు సుమారు 7 మిల్లీమీటర్లు. 25వ వంతు చేస్తే మిల్లీమీటరులో మూడవ వంతుకంటె తక్కువ. పాత రేడియోలోని చుట్టనుండి తీసిన రాగి తీగ దానికి సరిపోయినది. డిస్ట్రిబ్యూటరునుండి ఎనిమిది సిలిండర్లకూ తీగలు కలిపే వరుసను మామయ్య కళ్ళు మూసికొని అప్పగించినారు: 1, 8, 4, 3, 6, 5, 7, 2. బండి రంగును మరచిన మనస్సు ఆ వరుసను మాత్రం మరువలేదు. చూసిన దానికన్న చేతులతో చేసిన పనే మనిషికి ఎక్కువకాలం నిలుస్తుందేమో.

నమూనా పూర్తయిన ఆదివారం మా అమ్మ చూడవచ్చినది. మామయ్యకు ఆమె చెల్లెలు. మా ఇంట్లో చిన్ననాటినుండీ నేను విన్న కథ ఒకటి ఉన్నది: 1974లో అమ్మ పెళ్ళి ఖర్చుకోసం మామయ్య తన ముద్దుల కారును అమ్ముకొన్నారని. అమ్మ ఆ సొట్టను వ్రేలితో తడిమి, “నా మూలంగానే కదా అన్నయ్యా ఇది నీకు దక్కకుండా పోయినది” అన్నది.

మామయ్య కొంతసేపు మాటాడలేదు. తరువాత, “కాదమ్మా” అన్నారు. అధిక శక్తిగల బండ్లు నడిపే యువకులపై బీమా కంపెనీలు రుసుము పెంచినవి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపివేసినవి. ఆ చలికాలంలో పెట్రోలు బంకుల ముందు బండ్లు బారులు తీరినవి. మామయ్య బండి గాలనుకు పన్నెండు మైళ్ళు కూడా ఇచ్చేది కాదు. “పెళ్ళి లేకపోయినా అమ్మేవాణ్ణే. అప్పటికే బేరం కుదిరినది. డబ్బు చేతిలో ఉన్నప్పుడు నాన్నగారి ఉత్తరం వచ్చినది, పంపినాను. అందరూ త్యాగమన్నారు. కాదనడానికి నోరు రాలేదు.”

“యాభై ఏళ్ళు ఈ బరువు నామీద ఎందుకు ఉంచినావు అన్నయ్యా?” అని అమ్మ కళ్ళు తుడుచుకొన్నది. కోపమో, తేలికపడడమో నేను చెప్పలేను. కొంతసేపటికి ఇద్దరూ నవ్వుకొన్నారు.

నమూనా చేయదలచే శ్రోతలకు చివరగా ఒక్క మాట. మొదట మీ జ్ఞాపకాన్ని కాగితం మీద వ్రాసికొనండి. తరువాత ఫోటో చూడండి. ఆ తరువాత బండి పత్రాలు వెదకండి. మూడూ ఏకీభవించని చోటనే అసలు పని మొదలవుతుంది. అక్కడ తొందరపడి లప్పం పూయకండి.

ఆ ఎర్రని డస్టర్ ఇప్పుడు మామయ్య ఇంట్లో లేదు. గాజుపెట్టెతో సహా మా అమ్మకు ఇచ్చివేసినారు. సొట్ట ఉన్న పక్కను ఆమె గదిలోకి కనపడేటట్లు త్రిప్పి పెట్టుకొన్నది.