పాత రోటావేటర్: రంగు చూసి కాదు, సీళ్లు చూసి కొనాలి

తొలకరికి ముందు సరిహద్దు గ్రామాల్లో పాత రోటావేటర్ల బేరాలు జోరందుకుంటాయి. కొత్త యంత్రపు ధర భరించలేని రైతు, మరొకరు వాడిన యంత్రం వైపు చూడడం సహజం. అమ్మేవారు దానికి రంగు వేయించి, కొత్త బ్లేడ్లు బిగించి నిలబెడతారు. చూసేవారికి అది కొత్తదానివలెనే కనిపిస్తుంది. నిజానికి మరమ్మతులన్నింటిలోకి బ్లేడ్లు మార్చడమే సులభమైన పని. యంత్రపు ఆయుష్షును నిర్ణయించేవి కంటికి కనిపించని భాగాలు. గేర్ బాక్సులోని ఆయిల్, రోటరు చివరల ఉండే ఆయిల్ సీళ్లు, వాటి వెనుక దాగిన బేరింగులు బాగున్నాయో లేదో తెలుసుకోకుండా బయానా ఇవ్వరాదు. అప్పు చేసి కొన్న యంత్రం అదనులో పది రోజులు షెడ్డులో పడి ఉంటే పోయేది మరమ్మతు ఖర్చు మాత్రమే కాదు, విత్తే అదను కూడా.

యంత్రం పనిచేసే తీరు

రోటావేటర్‌కు మూలరూపాన్ని ఇచ్చినవాడు ఆస్ట్రేలియాకు చెందిన ఆర్థర్ క్లిఫర్డ్ హోవార్డ్. ఆయన 1912లో తన తండ్రి పొలంలో ప్రయోగాలు మొదలుపెట్టి, 1920లో పేటెంటు పొందాడు. తొలి ప్రయత్నాలలో మట్టి పక్కలకు ఎగిరిపోతుండగా, చిన్న రోటరుకు ఎల్ ఆకారపు బ్లేడ్లు అమర్చి ఆ చిక్కును తీర్చాడు. నేటి యంత్రాల్లోనూ ఆ ఆకారమే ఎక్కువగా కనిపిస్తుంది.

ట్రాక్టరు వెనుక ఉండే పీటీఓ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. ఆ శక్తి షాఫ్టు ద్వారా గేర్ బాక్సును చేరి, అక్కడ పక్కకు మళ్లి, ఒక పక్కనున్న గేర్ల ద్వారా లేదా చైను ద్వారా రోటరుకు అందుతుంది. రోటరు రెండు చివరలా బేరింగులు ఉంటాయి. బయటి మట్టినీ నీటినీ లోపలికి రాకుండా, లోపలి ఆయిల్ బయటికి పోకుండా కాపాడేది సీలు ఒక్కటే. సీలు పోతే ఆయిల్‌లో మట్టి చేరుతుంది. ఆ మట్టి బేరింగును తింటుంది. బేరింగు వదులైతే రోటరు ఊగి, చివరకు గేర్లు దెబ్బతింటాయి.

ఏ మట్టిలో తిరిగిన యంత్రం?

అందువల్ల అమ్మేవారిని ముందుగా అడగవలసిన ప్రశ్న, ఆ యంత్రం ఏ నేలలో పనిచేసిందని. తుంగభద్ర ఆయకట్టులోని సింధనూరు, గంగావతి ప్రాంతపు క్యాంపుల్లోనూ, యానాం చుట్టుపక్కల గోదావరి డెల్టాలోనూ వరి మళ్లు దమ్ము చేసిన యంత్రానికి బ్లేడ్లు బాగానే ఉండవచ్చు. కానీ రోటరు ఎక్కువ కాలం బురద నీటిలో మునిగి తిరిగినందున సీళ్లు, బేరింగులు ముందుగా దెబ్బతింటాయి. కోలారు, కృష్ణగిరి ప్రాంతాల ఎర్ర గరప నేలల్లో తిరిగిన యంత్రానికి ఇసుక రాపిడి వలన బ్లేడ్లు త్వరగా అరుగుతాయి. రాళ్లు తగిలి రోటరు వంగి ఉండే ప్రమాదమూ ఉంది. బళ్లారి, రాయచూరు నల్లరేగడి నేలల్లో పత్తి మోళ్లు దున్నిన యంత్రానికి కట్టె, నార, తీగ ముక్కలు ఇరుసుకు చుట్టుకొని సీలు అంచును కోసివేస్తాయి.

కొనేముందు పరీక్ష

ట్రాక్టరు ఇంజను ఆపి, తాళంచెవి తీసి, యంత్రం కింద గట్టి దిమ్మెలు పెట్టిన తరువాతనే పరీక్ష మొదలుపెట్టాలి. హైడ్రాలిక్ లిఫ్టును మాత్రమే నమ్మి కిందికి దూరరాదు.

మొదటగా రోటరును చేత్తో పైకీ కిందికీ కదిపి చూడాలి. టకటక కదిలితే బేరింగు అరిగినట్లే. తరువాత దానిని మెల్లగా తిప్పాలి. గరగర శబ్దం వచ్చినా, పట్టి పట్టి తిరిగినా అనుమానించాలి. ఒక కడ్డీని ఫ్రేముకు కదలకుండా కట్టి, దాని కొనను రోటరు గొట్టానికి దగ్గరగా ఉంచి తిప్పితే, సందు ఒకచోట పెరిగి మరొకచోట తగ్గుతుందా అన్నది కనిపిస్తుంది. సందు మారుతుంటే రోటరు వంగినట్లు. వంగిన రోటరు యంత్రమంతటినీ అదరగొట్టి బోల్టులను వదులు చేస్తుంది.

ఆ పైన గేర్ బాక్సులోని ఆయిల్‌ను కొద్దిగా గాజు సీసాలోకి తీయించాలి. పాలవలె తెల్లబారితే లోపలికి నీరు చేరింది. మెరిసే లోహపు రవ్వలు కనిపిస్తే గేర్లు, బేరింగులు అరుగుతున్నాయి. సరికొత్త ఆయిల్ ఉన్నంత మాత్రాన సంతోషించరాదు. పాతదాన్ని బేరానికి ముందే మార్చి ఉండవచ్చు. అటువంటప్పుడు అరగంట పొలంలో నడిపించి మళ్లీ చూడాలి. గేర్ బాక్సు పెంకుకు పగులు గానీ, అతికించిన వెల్డింగు గానీ కనిపిస్తే ఆ యంత్రాన్ని వదలివేయడమే మేలు.

మరమ్మతు వరుస

లోపలి పని ముగిసిన తరువాతనే బ్లేడ్ల జోలికి పోవాలి. సీలు మార్చేటప్పుడు అది కూర్చునే ఇరుసు భాగాన్ని గోటితో తడిమి చూడాలి. గోరు గాడిలో పడితే, అక్కడ కొత్త సీలు వేసినా త్వరలోనే కారుతుంది. చోటు ఉంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టవచ్చు. లేనిపక్షంలో లేత్ పనివారి చేత ఇరుసును సరిచేయించాలి. ఆయిల్‌ను ఆపే సీలు పెదవి ఆయిల్ వైపుకే ఉండాలి.

విడిభాగాలకు వెళ్లేటప్పుడు పాతవి వెంట తీసుకుపోవాలి. బేరింగు అంచుపై దాని నంబరు చెక్కి ఉంటుంది. సీలుకు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అనే మూడు కొలతలుంటాయి. దుకాణదారు కన్నడం మాట్లాడినా, తమిళం మాట్లాడినా, ఒడియా మాట్లాడినా ఈ అంకెలు మారవు.

రోటరుపై బ్లేడ్లు బిగించే ఫ్లాంజి పగిలితే వెల్డింగు చేయించవచ్చు. అయితే వెల్డింగు యంత్రపు ఎర్త్ తీగను అతికించే చోటికి దగ్గరగా, రోటరుకే తగిలించాలి. దూరంగా ఫ్రేముకు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా ప్రవహించి వాటిని పాడుచేస్తుంది.

వెడల్పు సగానికి సగం అరిగిన బ్లేడును మార్చవలసిందే. అరిగిన బ్లేడుపై వెల్డింగు రాడ్డుతో లోహం పోయించడం పొదుపుగా తోస్తుంది. కానీ ఆ వేడికి ఉక్కు పదును చెడి, బ్లేడు విరిగి ఎగిరే ప్రమాదం ఉంది. బ్లేడ్లలో ఎడమవి, కుడివి వేరువేరు. అందువల్ల ఒకటి విప్పి, దాని స్థానంలో మరొకటి బిగిస్తూ పోతే వరుస తప్పదు. పదును అంచే ముందుగా నేలను తాకాలి. బోల్టు తలపై 8.8 అనే అంకె ఉన్న గట్టి రకాన్ని వాడి, మొదటి రెండు మూడు గంటల పని తరువాత అన్నింటినీ మరొకసారి బిగించాలి.

పీటీఓ షాఫ్టుకు రెండు చివరలా ఉండే క్రాసులు వదులు కాకూడదు. వాటికి గ్రీజు పట్టించాలి. గొట్టం రెండు ముక్కలనూ కలిపేటప్పుడు లోపలి వైపు ఉండే రెండు పంగలూ ఒకే తలంలో ఉండాలి. లేకుంటే షాఫ్టు అదురుతుంది. కొన్ని యంత్రాలకు షాఫ్టు వద్ద షియర్ బోల్టు ఉంటుంది. రాయి తగిలినప్పుడు తాను తెగి గేర్లను కాపాడడమే దాని పని. అది మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు వేస్తే, తరువాతి దెబ్బ గేర్ బాక్సుకు తగులుతుంది.

ప్రాణానికి కాపు

నిమిషానికి 540 అంటే సెకనుకు 9 చుట్లు. లుంగీ అంచు, కండువా, చీర కొంగు షాఫ్టుకు చిక్కితే విడిపించుకునే వ్యవధి ఉండదు. పాత యంత్రాల్లో షాఫ్టుపై ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు తరచుగా కనిపించదు. దానిని కొనడం మరమ్మతులో భాగంగానే లెక్కించాలి. యంత్రం లోతుకు దిగడం లేదని దానిపై మనిషిని, ముఖ్యంగా పిల్లలను కూర్చోబెట్టరాదు. చుట్టుకున్న తీగను తీయవలసి వస్తే పీటీఓ ఆపి, ఇంజను ఆపి, రోటరు పూర్తిగా నిలిచిన తరువాతనే చేయి పెట్టాలి.

బేరానికి ముందు లెక్క

సీళ్లు, బేరింగులు, ఆయిల్, క్రాసులు, తొడుగు, బ్లేడ్లు, లేత్ పని, కూలి అన్నింటికీ అయ్యే ఖర్చును మెకానిక్ చేత కాగితంపై వ్రాయించి, అడిగిన ధరకు కలపాలి. ఆ మొత్తం కొత్త యంత్రపు ధరకు దగ్గరైతే పాతది కొనడంలో లాభం లేదు. చాలా తక్కువైతే బేరం నిశ్చింతగా సాగించవచ్చు. కొన్నవారు పొలంలో దించేముందే ఆయిల్ మార్పించి, ప్రతి సాయంత్రం ఇరుసుకు చుట్టుకున్న నారను తీసివేస్తూ ఉంటే, వేసిన కొత్త సీళ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి.