పిల్లల అడుగులతో నడుద్దాం

సెలవు రోజున పిల్లలను తీసుకొని బయటికి వెళ్దామంటే విశ్వాసుల ఇళ్లలో కొందరికి ఇంకా సంకోచమే. అది లోక వినోదమనీ, ఆ సమయమేదో ప్రార్థనలో గడిపితే మేలనీ అనే మాట సంఘాల్లో వింటూనే ఉంటాం. మరికొందరికి ఖర్చు భయం, ఎండ భయం. ఈలోగా పిల్లవాడు ఫోన్ పట్టుకొని ఓ మూల కూర్చుంటాడు. ఇంట్లోనే ఉన్నాడు గనుక క్షేమంగా ఉన్నాడని మనం అనుకుంటాం.

పరిశుద్ధ గ్రంథంలో దేవుడు తన ప్రజలను ఏటా ఇళ్లలోనుండి బయటికి రమ్మన్నాడు. లేవీయకాండము 23వ అధ్యాయం ప్రకారం ఇశ్రాయేలీయులు ఏడు రోజులు పర్ణశాలల్లో నివసించాలి. ఐగుప్తునుండి వచ్చిన పితరులు ఎలా బ్రతికారో రాబోయే తరాలు తెలుసుకోవాలన్నదే ఆ ఆజ్ఞకు కారణం. కొమ్మల పాకలో పడుకున్న పిల్లవాడు మనం ఇక్కడెందుకున్నామని అడగకుండా ఉంటాడా? అడిగినప్పుడు తండ్రి నోట విమోచన కథ వస్తుంది. ద్వితీయోపదేశకాండము 6:7 కూడా, దేవుని మాటలు పిల్లలకు నేర్పవలసిన సమయాల్లో ఇంట కూర్చున్న వేళతో పాటు త్రోవన నడిచే వేళనూ చేర్చింది.

అయితే ఎలా నడవాలి? ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు మనకు దారి చూపుతాడు. 400 మందితో ఎదురు వచ్చిన ఏశావు, కలిసి ప్రయాణం చేద్దామన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు లేతవారు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, నువ్వు ముందు వెళ్లు, నేను వీళ్లు నడవగలిగినంత నెమ్మదిగా వస్తానన్నాడు. చిన్నపిల్లలతో బయలుదేరే ప్రతి తల్లిదండ్రీ గుర్తుపెట్టుకోవలసిన మాట ఇది. ఒక్క రోజులో నాలుగు స్థలాలు చూపించాలని పరుగెత్తిస్తే మిగిలేది ఏడుపు, విసుగే. చీమల బారు దగ్గర పిల్ల కూర్చుండిపోతే పది నిమిషాలు మనమూ కూర్చుందాం.

దూరం వెళ్లనక్కరలేదు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుల్లో చెట్ల మీద గూడబాతులు, కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. చలికాలపు ఉదయం అక్కడ ఒక గంట నిలబడితే చాలు. ఆకాశపక్షులను చూడమని ప్రభువు కొండమీద చెప్పిన మాట (మత్తయి 6) పిల్లలకు ఇక కంఠస్థ వాక్యంగా మాత్రమే ఉండదు. హైదరాబాదువారికి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలున్నాయి. ఏదీ కుదరకపోతే ఊరి చెరువు గట్టు ఉంది, రాత్రి మేడ మీద నక్షత్రాలున్నాయి. 8వ కీర్తన అక్కడే చదవవచ్చు.

శరీరానికీ ఇది అవసరమే. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల శారీరక చలనం ఉండాలనీ, కూర్చొని తెర చూసే సమయం గంటకు మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

జాగ్రత్తలు మరువకూడదు. ఎండాకాలంలో తెల్లవారగానే బయలుదేరి ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. టోపీ, సరిపడా మంచినీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉండాలి. కాలువ, చెరువు, సముద్రం దగ్గర చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే చిన్నపిల్లలు ఉండాలి. లూకా 2లో మరియ, యోసేపు తమ కుమారుడు గుంపులో ఎక్కడో ఉన్నాడనుకొని ఒక దినప్రయాణం సాగిపోయారు. తర్వాత మూడు రోజులకు గాని ఆయన వారికి కనబడలేదు. బంధువులతో, సంఘంతో వెళ్లినప్పుడు మనకూ జరిగేది ఇదే. ఎవరో ఒకరు చూస్తున్నారులే అనుకుంటాం. ఏ పిల్లవాణ్ణి ఎవరు చూడాలో బయలుదేరక ముందే పేరు పెట్టి అప్పగించాలి.

ఆదివార ఆరాధన మానుకొని వెళ్లమని ఎవరూ చెప్పడం లేదు. నెలకు ఒక శనివారం ఉదయం చాలు. వెళ్లేటప్పుడు, తీసుకెళ్లేవారు లేని పిల్లలు మీ సంఘంలో ఎవరున్నారో చూడండి. ఆ తల్లిని అడిగి, ఆ బిడ్డకూ ఒక పులిహోర పొట్లం కట్టండి.