గట్టు చేరకముందే ఓడను ఏమేం అడుగుతారు?

విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రంపూట కూర్చుంటే సముద్రంలో దూరంగా నిలిచిన ఓడలు కనిపిస్తాయి. రేవు ఇంత దగ్గర ఉండగా అవి అక్కడెందుకు ఆగాయి? తనిఖీలు తెమలకనా? చాలావరకు కాదు. సరుకు ఎక్కించి దించే గట్టును బెర్త్ అంటారు. అది ఖాళీ లేకే సాధారణంగా ఓడలు ఆగుతాయి. ఎలాగూ ఆగక తప్పని ఆ సమయంలోనే కొన్ని తనిఖీలు ముగించేస్తే గట్టు మీద గంటలు మిగులుతాయి. ఇదంతా ఆ గంటల లెక్క.

ఓడలు లంగరు వేసి ఆగే చోటు యాంకరేజ్. అక్కడ అవి అంత ఎడంగా ఎందుకుంటాయి? 225 మీటర్ల ఓడ 165 మీటర్ల గొలుసు వదిలిందనుకోండి. గాలి, నీటి ప్రవాహం దిశ మార్చుకున్నప్పుడల్లా అది లంగరు చుట్టూ తిరుగుతుంది. గొలుసు, ఓడ పొడవు కలిపితే దాదాపు 390 మీటర్లు. ఆ వ్యాసార్ధంతో గీసిన వలయం సుమారు 118 ఎకరాలు. అంటే నిలబడటానికే ఒక్కో ఓడకు అంత చోటు కావాలి.

కాగితాల పని మాత్రం లంగరు వేశాక మొదలయ్యేది కాదు. భద్రతా సమాచారం మన రేవులకు 96 గంటల ముందే చేరాలి. అంతకుముందు ఆగిన పది రేవుల వివరాలూ అందులో ఉంటాయి. గంటకు 12 నాటికల్ మైళ్ల వేగంతో వచ్చే ఓడ అప్పటికి 2,100 కిలోమీటర్ల అవతల ఉంటుంది. హైదరాబాద్ నుంచి జమ్ముకు రోడ్డు మీద దాదాపు అంత దూరం.

మొదటి ప్రశ్న ఆరోగ్యం గురించే. విదేశం నుంచి వచ్చిన ఓడ పసుపు జెండా ఎగరేస్తే లోపల ఏదో రోగం ఉందని అనుకుంటారు. దాని అర్థం సరిగ్గా అందుకు వ్యతిరేకం: ‘మా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, అనుమతి ఇవ్వండి.’ ఆ అనుమతిని ఫ్రీ ప్రాటిక్ అంటారు, అంటే ఒడ్డుతో రాకపోకలు సాగించుకోవచ్చనే ఆరోగ్య శాఖ సమ్మతి. దానికోసం కెప్టెన్ ఇచ్చే ప్రకటనలో తొమ్మిది ఆరోగ్య ప్రశ్నలుంటాయి. ప్రయాణంలో ఎవరైనా చనిపోయారా, జబ్బుపడిన వాళ్ల సంఖ్య మామూలు కన్నా ఎక్కువగా ఉందా అన్న వాటితోపాటు, దొంగతనంగా ఎక్కినవారు ఉన్నారా, జబ్బుపడిన జంతువేదైనా ఉందా అని కూడా అడుగుతారు.

ఓడలో ఉండేది ఇరవై పాతికమందే కదా, ఇంత పట్టింపు ఎందుకు? పచ్చజ్వరాన్ని, అంటే ఎల్లో ఫీవర్‌ను చూడండి. ఆ వ్యాధి మన దేశంలో లేదు. దాన్ని మోసే ఈడిస్ దోమ మాత్రం మన ఇళ్ల పూలకుండీల్లోనే పెరుగుతుంది. వ్యాధి వచ్చిందంటే వ్యాపించే దారి ముందే సిద్ధంగా ఉందన్నమాట. అందుకే ఆ వ్యాధి ఉన్న దేశాల మీదుగా వచ్చిన వాళ్లను టీకా పత్రం అడుగుతారు. టీకా వేయించుకున్న పది రోజులకు అది చెల్లుబాటులోకి వస్తుంది, 2016 నుంచి జీవితాంతం చెల్లుతుంది. పత్రం లేనివాళ్లను ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. ఎలుకలు, పురుగుల బెడద లేదని చూపే ఓడ పారిశుద్ధ్య పత్రానికి గడువు ఆరు నెలలు. ఏ అనుమానమూ లేకపోతే మనిషి ఓడ ఎక్కకుండానే, సందేశం ద్వారానే అనుమతి ఇచ్చే వీలును అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు కల్పిస్తున్నాయి.

మరి అన్ని తనిఖీలూ యాంకరేజ్‌లోనే చేసేస్తే పోదా? అక్కడ ఓడ ఎక్కడమే పెద్ద పని. చిన్న లాంచీలో వెళ్లి, అలల మీద ఊగుతూ, ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకోవాలి. నిబంధనల ప్రకారం ఆ నిచ్చెన మీద ఎక్కే ఎత్తు తొమ్మిది మీటర్లు దాటకూడదు. అంటే మూడంతస్తుల ఇంటి ఎత్తు. అంతకు మించితే ఓడ మెట్లవరసను కూడా జతచేయాలి. అందుకే లైఫ్‌బోట్లు, మంటలార్పే పంపుల వంటివాటిని తీరిగ్గా పరీక్షించే ‘పోర్ట్ స్టేట్ కంట్రోల్’ తనిఖీ, అంటే విదేశీ ఓడలపై రేవు దేశం చేసే భద్రతా పరిశీలన, ఎక్కువగా గట్టు దగ్గరే జరుగుతుంది. ఒకవైపు సరుకు దిగుతుంటే మరోవైపు అదీ సాగుతుంది.

కస్టమ్స్ సంగతేమిటి? 1962 కస్టమ్స్ చట్టం ప్రకారం సరుకుల జాబితా ముందే అందాలి, ‘ఎంట్రీ ఇన్‌వర్డ్స్’ అనే ప్రవేశ ఉత్తర్వు రావాలి. అది లేకుండా మామూలుగా సరుకు దించడం మొదలుపెట్టకూడదు. ఓడ గట్టుకు చేరాక ఈ కాగితం ఆగిపోతే క్రేన్లు ఊరికే నిలబడతాయి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఓడ అద్దె రోజుకు 15,000 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. రోజుకు 12.75 లక్షలు, గంటకు సుమారు 53 వేలు. గట్టు మీద ఒక గంట వృథా అయితే ఆ ఓడ ఒక్కటే నష్టపోదు. వెనక ఐదు ఓడలు కాచుకుని ఉంటే ఆరింటికీ కలిపి నష్టం 3 లక్షలు దాటుతుంది. అదే పని యాంకరేజ్‌లో వంతు కోసం చూస్తూ ఉన్నప్పుడు పూర్తయితే అదనపు ఖర్చు దాదాపు ఉండదు.

ఈ ఆలస్యం మన ఇంటి దాకా వస్తుందా? 75,000 టన్నుల బొగ్గు ఓడ ఒక రోజు ఆలస్యమైతే, పై లెక్కన టన్నుకు 17 రూపాయల భారం. యూనిట్ కరెంటుకు 0.7 కిలోల బొగ్గు అనుకుంటే అది 1.2 పైసలు. 200 యూనిట్లు వాడే ఇంటికి, ఆ కరెంటంతా ఇలాంటి బొగ్గుతోనే తయారైనా, రెండున్నర రూపాయల లోపే. ఒక్క రోజుకైతే చిన్న మొత్తమే. పది రోజులైతే 24 రూపాయలు.

మీ ఇంట్లో ఎవరైనా ఓడ ఉద్యోగంలో ఉంటే ఈ వివరం మరింత పనికొస్తుంది. ఫోన్ యాప్‌లో ఓడ విశాఖ దగ్గర కనిపించినంత మాత్రాన రేవు గేటు దగ్గరికి బయల్దేరకండి. బెర్త్ దొరకాలి, ఆరోగ్య అనుమతి రావాలి, ఇమిగ్రేషన్ వాళ్లు ఒడ్డుకు దిగే అనుమతి ఇవ్వాలి. ఓడ ఏజెంటును ‘ఎప్పుడు వస్తుంది’ అని కాకుండా ‘బెర్త్ ఎప్పుడు ఇస్తున్నారు’ అని అడగండి.